బేస్ హైదరాబాద్, ఇల్లు ఊళ్లో: ఎయిర్‌లైన్ క్రూ రాత్రి బస ఎలా కుదుర్చుకోవాలి

రోస్టర్లో, అంటే డ్యూటీల పట్టికలో, మీ పేరు పక్కన బేస్ హైదరాబాద్ అని ఉంటుంది. అమ్మానాన్నలు, ఇల్లు, పిల్లలు మాత్రం విజయవాడలోనో విశాఖలోనో కర్నూల్లోనో ఉంటారు. ఢిల్లీలో నైట్ హాల్ట్ పడితే కంపెనీ హోటల్ ఇస్తుంది, కారు పంపుతుంది. అదే రాత్రి పదకొండింటికి శంషాబాద్‌లో దిగితే మాత్రం మీ బ్యాగు మీది, మీ దారి మీది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం హోమ్ బేస్ అంటే మీ డ్యూటీ మామూలుగా మొదలై ముగిసే ఊరు. అక్కడ బస చూపించే బాధ్యత కంపెనీకి ఉండదు. కాగితం మీద మీరు హైదరాబాద్ వాసులే కాబట్టి మంచం మీరే వెతుక్కోవాలి.

అది ఎలాగో వరసగా చెప్తాను. పైలట్లకైనా క్యాబిన్ క్రూకైనా పద్ధతి ఒకటే. చాలామంది అద్దె ఎంత అని మొదలుపెడతారు, మీరు రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున మూడింటికి అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకు టెన్షన్ లేకుండా చేరగలనా? పగలు పదకొండింటికి అక్కడ కళ్లు మూసుకుని నిద్రపోగలనా? రెంటికీ అవునని జవాబొచ్చే గదికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

మొదట రోస్టర్ లెక్క

పాత రోస్టర్లు రెండు మూడు నెలలవి ముందేసుకుని కూర్చోండి. కొత్తగా చేరినవాళ్లయితే అదే బేస్‌లో ఉన్న సీనియర్‌ని అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లో పడుకోక తప్పని రాత్రులకు పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున రిపోర్టింగ్ ఉన్న ప్రతి రోజుకూ ముందు రాత్రి లెక్కలోకి వస్తుంది. ఆలస్యంగా దిగే ప్రతి డ్యూటీ చివరి రాత్రి కూడా వస్తుంది. హోమ్ స్టాండ్‌బై రోజుల్ని, అంటే ఇంట్లోనే ఉండి కంపెనీ పిలుపు కోసం చూసే రోజుల్ని, మర్చిపోకండి. పిలిస్తే ఎంతసేపట్లో రిపోర్ట్ చేయాలో కంపెనీ మాన్యువల్లో రాసి ఉంటుంది. గన్నవరంలో మీ ఇంటి వరండాలో కూర్చుని ఆ స్టాండ్‌బై చేయడం కుదరదు.

ఇప్పుడు ఒక పొద్దుటి డ్యూటీని వెనక్కి లెక్కేయండి. ఐదూ ముప్పావుకి ఫ్లైట్ అనుకుందాం. గంటంబావు ముందు రిపోర్టింగ్ అంటే నాలుగున్నర. ట్రాఫిక్ లేని వేళ అరగంట ప్రయాణం, టెర్మినల్లో సెక్యూరిటీకి కొంత టైమ్ పోతుంది కాబట్టి మూడున్నరకు బయల్దేరాలి. జడ, చీర లేదా యూనిఫాం, మేకప్ అన్నీ ఉన్న అమ్మాయి రెండుంబావుకి లేవాలి. ఏడు గంటలు పడుకోవాలంటే రాత్రి ఏడుంబావుకి లైటు ఆర్పాలి. అంటే విశాఖ నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఫ్లైట్ మీకు పనికిరాదు. మధ్యాహ్నపు ఫ్లైటుకే రావాలి. ఈ లెక్క వేయనివాళ్లే చివరి ఫ్లైట్‌కి వచ్చి, నాలుగు గంటల నిద్రతో డ్యూటీకి వెళ్తుంటారు.

దిగిన రాత్రి లెక్క వేరు. రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి ముందు చేసిన డ్యూటీ ఎంతసేపో అంతసేపు, లేదా 12 గంటలు, రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని నిబంధన. దిగింది మొదలు మళ్లీ రిపోర్టింగ్ దాకా దొరికే టైమ్‌లోనే మీ ప్రయాణం, స్నానం, భోజనం, మళ్లీ తయారవడం అన్నీ ఇమడాలి. రాత్రి పదింటికి రిలీజయ్యి కూకట్‌పల్లి దాకా వెళ్తే పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున పదింటి రిపోర్టింగ్‌కి ఆఫీసుల ట్రాఫిక్‌లో మళ్లీ అంత దూరం రావాలంటే ఆరుకే లేవాలి. అదే మంచం అత్తాపూర్‌లో ఉంటే దాదాపు రెండు గంటల నిద్ర కలిసొస్తుంది. మీరు అద్దె కట్టేది గది కోసం కాదు, ఆ రెండు గంటల కోసం.

గుర్తులు లెక్కపెట్టండి. నెలకు నాలుగైదు రాత్రులే వస్తే హోటలే మేలు. పది దాటితే సొంత మంచం ఉండాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్లు నలుగురితో కలిసి ఫ్లాట్ తీసుకోవడం మంచిది. మీ వాటాకు వచ్చే అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, పనిమనిషి జీతం అన్నీ కలిపి రాత్రుల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు నెలకు ఏడు వేలు పడుతూ ఏడు రాత్రులే ఉంటే, రాత్రికి వెయ్యి. ఆ డబ్బుకు దగ్గర్లో శుభ్రమైన హోటల్ గది దొరుకుతుందా అని చూసుకుంటే సరిపోతుంది.

చుట్టాల ఇంటి సంగతి

హైదరాబాద్‌లో పిన్ని లేని తెలుగువాళ్లు ఎవరుంటారు? దిల్‌సుఖ్‌నగర్లోనో కేపీహెచ్‌బీలోనో ఎవరో ఒకరు ఉంటారు. "మనిల్లు ఉండగా హోటలేమిటే, పిచ్చిదానా" అని ఫోన్లోనే కేకలేస్తారు. మొదటి నెల వెళ్లండి, తప్పులేదు. ఆ తర్వాత కష్టం. అర్ధరాత్రి పన్నెండింటికి బెల్లు కొట్టాలి. బాబాయికి బీపీ, మెలకువొస్తే మళ్లీ నిద్ర పట్టదు. మీరు అన్నం వద్దన్నా పిన్ని లేచి పప్పు వేడి చేస్తుంది, పక్కన కూర్చుని మీ పెళ్లి సంగతి అడుగుతుంది. రెండుంబావుకి మీ అలారం మోగితే ఇల్లంతా లేస్తుంది. పగలు పడుకుంటే చూడ్డానికొచ్చిన పక్కింటావిడకి "మా అక్క కూతురు, ఫ్లైట్లో చేస్తుంది" అని తలుపు తీసి చూపిస్తారు.

ప్రేమకు లోటుండదు, నిద్రకే లోటు. పైగా ఆ ఇళ్లు ఎక్కువగా ఊరికి అవతల పక్కన ఉంటాయి. అందుకే చుట్టాల ఇంటిని మీ రెండో ఏర్పాటుగా ఉంచుకోండి. ఫ్లాట్‌లో నీళ్లు ఆగిపోయిన రోజుకి, సెలవు రోజు భోజనానికి, ఒంట్లో బాగోలేని రోజుకి పిన్ని ఇల్లే దిక్కు. వెళ్లినప్పుడు పళ్లు పట్టుకెళ్లండి, పిల్లలకు చాక్లెట్లు పట్టుకెళ్లండి. పండక్కి, పుట్టినరోజుకి కనిపించే చుట్టానికి ఉండే మర్యాద, వారానికి మూడుసార్లు అర్ధరాత్రి దిగే చుట్టానికి ఉండదు.

ఇంకో సంగతి. శుభకార్యాలున్న ఇంట్లో ఉంటే "ఒక్క గుక్కేగా" అని గ్లాసు చేతికిచ్చే బావలు ఉంటారు. ఫ్లైట్‌కు ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు. బ్రీత్ ఎనలైజర్‌కు బంధుత్వాలు తెలియవు.

ఏరియా ఎంచుకోవడం

ఇల్లు వెతికేముందు కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి వెళ్లి పికప్ పరిధి ఏమిటో కనుక్కోండి. కొన్ని కంపెనీలు బేస్‌లో కూడా క్రూకి కారు పంపుతాయి, కానీ ఫలానా ఏరియాల వరకే. మీరు పడుకునే చోటు ఆ పరిధి లోపల ఉంటే తెల్లవారుజామున క్యాబ్ కోసం వెతుక్కునే బాధ సగం పోతుంది. మీరిచ్చిన అడ్రస్‌కే కారు వస్తుంది కాబట్టి రికార్డుల్లో ఈ అడ్రస్ వేయించుకోవడం మర్చిపోకండి.

అందరికంటే దగ్గర శంషాబాద్ ఊరే. టెర్మినల్ నుంచి ఆరేడు కిలోమీటర్లు. గ్రౌండ్ స్టాఫ్ కోసం నడిచే హాస్టళ్లు, చిన్న ఫ్లాట్లు ఇక్కడ దొరుకుతాయి. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మరీ సుఖం. 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే బస్సు దిగి ఆటో ఎక్కితే చాలు, ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. ఇబ్బంది ఒకటే, దూరం తక్కువని ఎయిర్‌పోర్టు నుంచి క్యాబ్‌లు రావడానికి మొహమాటపడతాయి. అర్ధరాత్రి మూడు రైడ్లు క్యాన్సిల్ అయ్యాక నాలుగో ఆయన వస్తాడు. అందుకే శంషాబాద్‌లో ఉండేవాళ్లు తెలిసిన ఆటో డ్రైవర్లు ఇద్దరి నంబర్లు దగ్గర పెట్టుకోవాలి.

నా ఓటు మాత్రం అత్తాపూర్, ఉప్పర్‌పల్లి, రాజేంద్రనగర్ పట్టీకి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఈ ఏరియా మీదుగానే పోతుంది. రాత్రివేళ ఎయిర్‌పోర్టు అరగంట లోపే. ఇక్కడ అడ్రస్ అంటే పిల్లర్ నంబరే. "పిల్లర్ ఫలానా దగ్గర, మెడికల్ షాపు సందు" అంటే కంపెనీ డ్రైవరు కళ్లు మూసుకుని వస్తాడు. కిరాణా, కర్రీ పాయింటు, డ్రైక్లీనింగ్ అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. స్కూటీ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూవీలర్లు రానివ్వరు, కింద రోడ్డే గతి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీద కూడా అంతే.

కిస్మత్‌పూర్, బండ్లగూడ జాగీర్ వైపు ప్రశాంతంగా ఉంటుంది, గేటెడ్ కమ్యూనిటీలు ఎక్కువ. కుటుంబాన్ని తెచ్చుకునే ఆలోచన ఉన్నవాళ్లకు బాగుంటుంది. నార్సింగి, మణికొండ నుంచి ఔటర్ ఎక్కితే దూరం అనిపించదు గానీ అద్దెలు ఐటీ వాళ్ల లెక్కలో ఉంటాయి. తుక్కుగూడ, మామిడిపల్లి పక్కన చౌకే, కానీ తెల్లవారుజామున క్యాబ్ దొరకడం కష్టం. మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్ల గురించి అసలు ఆలోచించొద్దు. మెట్రో ఉందిగా అంటారు, ఆ మెట్రో ఇంకా ఎయిర్‌పోర్టు దాకా రాలేదు, వచ్చే చోట కూడా మీ రిపోర్టింగ్ వేళకు నడవదు.

వానాకాలం గురించి కూడా అడగండి. 2020 అక్టోబరు వరదల్లో అప్ప చెరువుకు గండి పడి గగన్‌పహాడ్ దగ్గర జాతీయ రహదారే కొట్టుకుపోయింది. ఆ రోడ్డు ఆగితే ఊరి నుంచి ఎయిర్‌పోర్టుకు ఔటర్ మీదుగా తిరిగి రావాలి. కాబట్టి మీ ఇంటి నుంచి రెండు దార్లు ఉండేలా చూసుకోండి, గట్టి వాన పడుతున్న రాత్రి ముప్పావుగంట ముందే కదలండి.

గది చూసేటప్పుడు

ఆదివారం సాయంత్రం చల్లగా వెళ్లి చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. రెండుసార్లు వెళ్లండి, పగలు పదకొండు పన్నెండు మధ్య ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి.

పగలు వెళ్లినప్పుడు గదిలో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. పక్క ఫ్లాట్‌లో మిక్సీ, కింద బోరు మోటారు, స్కూలు పిల్లల ప్రేయరు, పైన ఎవరో మంచం జరిపిన చప్పుడు అన్నీ వినపడతాయి. పడమటి గోడ ఉన్న గది మేలో మధ్యాహ్నం మూడింటికి పెనంలా ఉంటుంది, ఏసీ వేసినా గోడ చల్లారదు. కిటికీలు ఎటున్నాయో, పరదాలకు రాడ్డు ఉందో లేదో చూడండి. తలగడ మీద ఎండ పడే గది మీకొద్దు.

రాత్రి వెళ్లినప్పుడు చూడాల్సింది ఫంక్షన్ హాలు. అత్తాపూర్ నుంచి శంషాబాద్ దాకా ఫంక్షన్ హాళ్లు, కన్వెన్షన్ సెంటర్లు వరసగా ఉన్నాయి. మామూలు రోజుల్లో అక్కడ చీమ చిటుక్కుమనదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ప్రతి ముహూర్తానికీ డీజే, బరాత్, బాణసంచా. పెళ్లికొడుకు గుర్రం మీ సందులోంచే వెళ్తే నిద్ర సంగతి ఆ దేవుడికే తెలియాలి. మ్యాపులో కిలోమీటరు చుట్టూ ఫంక్షన్ హాల్ అని వెతకండి, కింద ఉన్న ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. ఆయనకన్నీ తెలుసు. బోనాలకు, వినాయక చవితికి మైకులు ఎక్కడ కడతారో కూడా చెప్తాడు. పండగల్ని మనం ఆపలేం, స్పీకర్ ఉన్న స్తంభం పక్కన గది తీసుకోకుండా ఉండగలం.

సందులో వీధి దీపాలు వెలుగుతున్నాయా, మెయిన్ రోడ్డు నుంచి ఇంటికి ఎంత నడవాలి, కుక్కలెన్ని అన్నది కూడా అప్పుడే చూసుకోండి. మూడింటికి హీల్స్‌తో, ట్రాలీ బ్యాగు గడగడలాడిస్తూ వెళ్లే మనిషిని వీధికుక్కలు ఊరికే వదలవు. లోపల ఇన్వర్టర్, గీజర్, లిఫ్టుకు జనరేటర్ ఉన్నాయా అడగండి. నీళ్లు ట్యాంకర్ మీద నడిచే అపార్ట్‌మెంటైతే ఎండాకాలంలో తెల్లవారుజామున కుళాయి తిప్పితే గాలి వస్తుంది. అందుకే బాత్రూంలో నిండు బకెట్ ఒకటి ఎప్పుడూ ఉంచాలి.

హాస్టల్ లేదా పీజీ తీసుకునేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న గేటు ఎన్నింటికి మూస్తారన్నది. లేడీస్ హాస్టళ్లలో తొమ్మిదిన్నర, పది దాటితే తాళం వేసే చోట్లున్నాయి. "రోస్టర్ చూపిస్తే తీస్తాం" అని నోటిమాట చెప్తారు, గేటు తీసేది మాత్రం నిద్రపోతున్న వాచ్‌మన్. అతనితో మాట్లాడాకే డబ్బు కట్టండి. టూ షేరింగ్, త్రీ షేరింగ్‌లో మీ రూమ్మేట్ ఐటీ అమ్మాయైతే రాత్రి పన్నెండు దాకా ఫోన్లో మాట్లాడుతుంది. తోటి క్రూతోనే గది అడగడం మేలు.

ఓనర్‌తో మాట్లాడటం

"ఏం నౌకరి చేస్తరమ్మా? రాత్రి రెండింటికి ఎటు పోతరు?" ఇది ప్రతి ఓనరూ అడుగుతారు. తప్పుగా అనుకోకండి, ఆయన భయం ఆయనది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "సెకండ్ ఫ్లోర్ అమ్మాయిలు అర్ధరాత్రి ఎవరి కారో ఎక్కుతున్నారు" అని పెట్టకముందే మీరే చెప్పేయండి. ఐడీ కార్డు చూపించండి. "అంకుల్, కంపెనీ కారు వస్తుంది, తెల్లవారుజామున వెళ్తాం, పగలు పడుకుంటాం, బెల్లు కొట్టకుండా చూడండి" అని మొదటి రోజే అంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఆంటీకి దుబాయ్ ఖర్జూరాలు ఇస్తే మిగతా సగం.

"ఫ్యామిలీస్‌కే" అని బోర్డున్న చోట వాదించి లోపలికి వెళ్లకండి. వెళ్లినా ఆ పట్టింపు ప్రతి రోజూ మీ నెత్తినే ఉంటుంది. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎంతమంది వచ్చిపోతారు అన్నది దాచొద్దు. ఇద్దరమని చెప్పి ఆరుగురు తిరిగితే మూడో నెలే ఖాళీ చేయమంటారు. 11 నెలల అగ్రిమెంటులో అందరి పేర్లూ వేయించుకోండి. ఒక్కరి పేరు మీదే ఉంటే, ఆ ఒక్కరికి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వచ్చిన రోజు అందరూ రోడ్డున పడతారు. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కాగితం మీద ఉండాలి. పోలీస్ వెరిఫికేషన్‌కి ఆధార్ కాపీలు అడిగితే సంతోషంగా ఇవ్వండి, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ ఉన్నవాళ్లకు అడ్రస్ రికార్డులు సరిగ్గా ఉండటమే మంచిది.

నలుగురూ కలిసి ఉండే ఫ్లాట్

అమెరికాలో ఇది పాత అలవాటు. న్యూయార్క్‌లో రెండు ఎయిర్‌పోర్టులకు దగ్గరున్న క్యూ గార్డెన్స్ పేట అంతా ఇలా క్రూ పంచుకునే అపార్ట్‌మెంట్లకు పేరు మోసింది. అక్కడ రెండు రకాలు ఉంటాయి. ఒకటి, మంచం మీ ఒక్కరిదే, మీరు లేనప్పుడు కూడా ఎవరూ పడుకోరు. రెండోది, ఏ మంచం ఖాళీగా ఉంటే అది మీది, మీ దుప్పటి మీరు తెచ్చుకోవాలి. రెండోది చౌక. మన దగ్గర నా సలహా మాత్రం మొదటిదే. నెలకు ఎనిమిది రాత్రులే పడుకున్నా, మీ తలగడ మీ వాసనతో మీ కోసం ఉండటం వేరు. డబ్బు మరీ ఇబ్బందైతే ఇద్దరు ఒక మంచం పంచుకోవచ్చు, కానీ రోస్టర్లు ఎదురెదురుగా ఉండాలి, పరుపు మీద పరిచేవన్నీ ఎవరివి వాళ్లకే ఉండాలి.

కలిసి ఉండేటప్పుడు నియమాలు మొదటి రోజే గోడ మీద అంటించండి. మొహమాటానికి పోతే నెల తిరక్కుండానే గొడవ. అలారం వైబ్రేషన్‌లో, దిండు కింద పెట్టుకోవాలి. యూనిఫాం, మేకప్ సామాను ముందు రాత్రే హాల్లోకి తెచ్చుకుని, అద్దం అక్కడే పెట్టుకోవాలి, పడకగదిలో లైటు వేయకూడదు. ఇద్దరికి ఒకే వేళ రిపోర్టింగ్ ఉంటే బాత్రూం ఎవరికి ముందో రాత్రే తేల్చుకోవాలి. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి ఎవరు ఏ రాత్రి ఉంటారో నెల మొదట్లోనే పోస్ట్ చేస్తే గ్యాస్ సిలిండర్ వాడు వచ్చినప్పుడు తలుపు ఎవరు తీయాలో కూడా తేలిపోతుంది. అతిథులు రాత్రి ఉండటం వద్దు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు ఇస్తే మిగతావి నిలబడవు.

పగటి నిద్రకు నల్లటి దళసరి పరదాలు కొనండి, అంచుల్లోంచి వెలుతురు రాకుండా గోడకు వెల్క్రో అంటించండి. కాలింగ్ బెల్లుకు లోపల స్విచ్ పెట్టించడం ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని, దానంత ఉపయోగపడే ఖర్చు ఇంకోటి లేదు. ఫ్యాను చప్పుడు బయటి చప్పుళ్లను మింగేస్తుంది కాబట్టి ఏసీ ఉన్నా ఫ్యాన్ ఆపకండి.

ఫ్రిజ్‌లో ఎవరి డబ్బా మీద వాళ్ల పేరు రాయాలి. అమ్మ ఇచ్చిన ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి ఉంటే అర్ధరాత్రి దిగినవాళ్లకు పది నిమిషాల్లో భోజనం అవుతుంది. కుక్కర్లో అన్నం పెట్టి, పెరుగు ప్యాకెట్ ఉందో లేదో చూసుకుంటే చాలు. తెల్లవారుజామున రెండింటికి ఎవరికీ ఆకలి వేయదు, అయినా అరటిపండో ఉడికించిన గుడ్డో తినకుండా వెళ్లొద్దు.

హోటల్ అయితే

టెర్మినల్‌కు దగ్గర్లో నోవోటెల్ ఎయిర్‌పోర్ట్ లాంటి పెద్దవి ఉన్నాయి, జేబుకు బరువు. హైవే మీద, శంషాబాద్‌లో మధ్యస్థం హోటళ్లు, లాడ్జిలు ఉన్నాయి. యాప్‌లో బుక్ చేయకముందు ఫోన్ చేసి క్రూ రేటు, నెలకు ఇన్ని రాత్రులు వస్తామంటే ఎంతకిస్తారు అని అడగండి. మేనేజర్లు చాలామంది తగ్గిస్తారు. చెక్ఇన్ మధ్యాహ్నమే కావాలి, చెక్అవుట్ తెల్లవారుజామున మూడింటికి, బిల్లు ముందే కట్టేస్తాం అని చెప్పండి. గది రోడ్డు వైపు కాకుండా, లిఫ్టుకు దూరంగా అడగండి. ముహూర్తాల రోజుల్లో పెళ్లివారు గదులన్నీ తీసేసుకుంటారు, రేట్లు కూడా పెరుగుతాయి. కాబట్టి రోస్టర్ రాగానే పంచాంగం కూడా ఒకసారి తిప్పండి.

టెర్మినల్ కుర్చీల్లో, క్రూ రూమ్ సోఫాలో రాత్రి గడిపేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. దర్యాప్తు ప్రధాన కారణంగా తేల్చింది విమానం వేగం పడిపోయినప్పుడు కెప్టెన్ చేసిన పొరపాటు చర్యను. కానీ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి నెవార్క్ బేస్‌కి వచ్చారని, ఇద్దరికీ సరైన నిద్ర లేదని, కెప్టెన్ క్రూ రూమ్‌లో రాత్రి గడిపారని కూడా అందులోనే బయటపడింది. దూరం నుంచి వచ్చే క్రూ ఎక్కడ పడుకుంటున్నారన్న ప్రశ్న అందరూ అడగడం అప్పటి నుంచే గట్టిగా మొదలైంది. ఇంటి నుంచి బేస్‌కు ప్రయాణం మామూలుగా గంటన్నర దాటేవాళ్లు బేస్ దగ్గర తాత్కాలిక బస చూసుకోవాలని యూరప్ నిబంధనలు సలహా ఇస్తాయి. మనకూ అదే గీత పనికొస్తుంది.

ఊరి నుంచి వచ్చే రోజు

స్టాఫ్ టికెట్ మీద సబ్‌లోడ్‌లో, అంటే సీటు మిగిలితేనే ఎక్కే పద్ధతిలో, వచ్చేవాళ్లు ఒక్క ఫ్లైట్‌ను నమ్ముకోకూడదు. మీరు ఎక్కాలనుకున్నది నిండిపోతే, దాని తర్వాతది ఎక్కినా నిద్రకు టైమ్ ఉండేలా రావాలి. డిసెంబరు, జనవరిలో గన్నవరంలో పొగమంచు పొద్దుటి ఫ్లైట్లను ఆపేస్తుంది, ఆ నెలల్లో డ్యూటీ రోజు పొద్దున రావడం మానేయండి. సంక్రాంతి వారం సబ్‌లోడ్ అనే మాటే మర్చిపోండి. పండగ అయ్యాక తిరిగొచ్చే రెండు మూడు రోజులు విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి. బస్సులో వచ్చినా మామూలు కంటే కొన్ని గంటలు ఎక్కువ వేసుకోవాలి, లేదా ట్రైన్ టికెట్ ముందే తీసి ఉంచాలి.

విశాఖ నుంచి పొద్దుటి వందే భారత్ సికింద్రాబాద్‌కు మధ్యాహ్నానికి చేరుస్తుంది, సాయంత్రం పడుకోవడానికి టైమ్ ఉంటుంది. రాత్రి రైలు దిగి నేరుగా డ్యూటీకి వెళ్లడం మాత్రం వయసు మీద ఆధారపడే సాహసం, నేను ఎవరికీ చెప్పను. సికింద్రాబాద్ వైపు నుంచి ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సులున్నాయి, రాత్రివేళ బస్సుకు బస్సుకు ఎడం ఎక్కువ. ఫలక్‌నుమా నుంచి శంషాబాద్ దగ్గరి ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లను 2023లో పొడిగించారు, కానీ సర్వీసులు తక్కువ కాబట్టి టైమ్ టేబుల్ చూసి నమ్మండి.

పైలట్లకు వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన నిబంధన 2025 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రెండు రోజులూ ఊళ్లో గడపాలని ఉంటుంది, గడపండి. తిరిగి వచ్చే ప్రయాణం మాత్రం ఆ 48 గంటల లోపలే ముగించి, చివరి రాత్రి హైదరాబాద్ మంచం మీదే పడుకోండి.

తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు

సొంతంగా క్యాబ్ మాట్లాడుకునేవాళ్లు రాత్రే షెడ్యూల్ చేసి, రెండో మనిషి నంబరు కూడా చేతిలో ఉంచుకోవాలి. యూనిఫాం మీద జాకెట్ వేసుకోండి, నేమ్ ట్యాగ్ టెర్మినల్లో పెట్టుకోవచ్చు. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు తెలంగాణ పోలీసులు 2024లో తెచ్చిన టీ-సేఫ్ సేవను వాడుకోండి, ప్రయాణం ముగిసేదాకా అది మిమ్మల్ని గమనిస్తుంటుంది. లొకేషన్ ఇంట్లోవాళ్లకు కాకుండా ఆ రాత్రి మెలకువగా ఉన్న తోటి క్రూకి షేర్ చేయడం మేలు. అమ్మ రెండున్నరకు లేచి మ్యాపులో చుక్క కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు.

ఖాళీ చేయడం

బేస్ మారినా, కుటుంబాన్ని ఇక్కడికే తెచ్చుకున్నా అగ్రిమెంటులో రాసిన ప్రకారం నెల ముందే ఓనర్‌కు వాట్సాప్‌లో రాసి పెట్టండి, నోటిమాట సరిపోదు. మీ మంచానికి ఇంకో క్రూని మీరే చూసి పెడితే మిగతావాళ్ల మీద అద్దె భారం పడదు. అడ్వాన్స్‌లో మీ వాటా కొత్తగా వచ్చినవాళ్లే మీకు ఇచ్చేస్తారు, ఓనర్ చుట్టూ తిరగక్కర్లేదు. పరదాలు, బెల్లు స్విచ్ అక్కడే వదిలేయండి. కంపెనీ రికార్డుల్లో, గ్యాస్ కనెక్షన్లో, బ్యాంకులో అడ్రస్ మార్చుకోండి, లేకపోతే మీ పికప్ కారు పాత పిల్లర్ దగ్గరికే వెళ్లి హారన్ కొడుతుంది.